చేనేత దుకాణం వెబ్‌సైటు ఫోన్‌లో సరిగా కనిపించాలంటే ఏం చేయాలి?

ప్రశ్న:
మంగళగిరిలో మాకు చిన్న చేనేత చీరల దుకాణం ఉంది. మా వెబ్‌సైటు కంప్యూటర్‌లో బాగానే ఉంటుంది గానీ, ఫోన్‌లో తెరిస్తే అక్షరాలు చీమల్లా కనిపిస్తున్నాయి, చీరల ఫొటోలు రావడానికి చాలాసేపు పడుతోంది. ఫోన్ల కోసం వేరే సైటు పెట్టాలా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1:
వేరే సైటు అవసరం లేదండీ. తెర వెడల్పును బట్టి ఒకే పేజీ సర్దుకునే రెస్పాన్సివ్ పద్ధతి 2010 నుంచీ ప్రచారంలో ఉంది. మీ పేజీ కోడ్‌లో వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ (పేజీ వెడల్పును ఫోన్ తెరకు సరిపెట్టమని బ్రౌజరుకు చెప్పే చిన్న వరుస) ఉందో లేదో ముందుగా చూడండి. అది లేకపోతే ఫోన్ బ్రౌజర్లు సాధారణంగా పేజీని 980 పిక్సెళ్ల వెడల్పుగా భావించి, కుదించి చూపిస్తాయి.

సమాధానం 2:
ఆలస్యానికి కారణం బహుశా ఫొటోలే. కెమెరా ఇచ్చిన 4000 పిక్సెళ్ల ఫొటోను యథాతథంగా పెట్టకుండా, జాబితా పేజీకి 800 పిక్సెళ్లకు తగ్గించి, ఫైలు సైజు తక్కువగా ఉండే వెబ్‌పీ రూపంలో ఉంచండి. అయితే మంగళగిరి చీరలకు పేరైన నిజాం అంచులోని జరీ పనితనం దగ్గరగా చూస్తేనే తెలుస్తుంది కనుక, ఆ ఫొటోను మాత్రం పెద్దదిగానే ఉంచి, కొనేవారు తాకినప్పుడే తెరుచుకునేలా చేయండి. నేతగాని శ్రమ కనబడని ఫొటో ఎంత వేగంగా వచ్చినా ప్రయోజనం లేదని నా అభిప్రాయం.

సమాధానం 3:
తెలుగు వివరాలకు వరుస ఎత్తును (లైన్-హైట్) అక్షరాల సైజుకు 1.6 రెట్ల వరకు పెంచండి. ఇంగ్లీషుకు సరిపోయే ఎడంలో మన ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. దుకాణం నంబరును తాకగానే ఫోన్ కలిసేలా లింకుగా ఇవ్వడం మరువకండి.