పాపతో ఇల్ఫర్డ్ వెళ్తున్న ముమ్మిడివరం అమ్మాయికి: వెనక తలుపు బస్సు సంగతి

ముమ్మిడివరం అమ్మాయి:
అక్కలకీ అన్నయ్యలకీ నమస్తే అండి. పండగ వెళ్లాక ఎనిమిది నెలల పాపతో లండన్ వెళ్తున్నాను. మా ఆయన అయిదు నెలలుగా ఇల్ఫర్డ్‌లో ఉంటున్నారు. మా బాబాయి 2007లో అక్కడ చదువుకున్నారు. "రెండు బస్సులు అతికించినంత పొడుగు బస్సుంటుంది, పాప బండితో వెనక తలుపులోంచి ఎక్కెయ్, టికెట్ అడిగేవాళ్లు కూడా ఉండరు" అన్నారు. మా ఆయనేమో అలాంటి బస్సే చూడలేదంటున్నారు. ఎవరి మాట నమ్మమంటారు?

రాజోలు అక్క:
అమ్మాయ్, ఇద్దరూ నిజమే చెప్పారు. మీ బాబాయి చెప్పింది ఆయన చూసిన లండన్ గురించి. ఆ బస్సులు తీసేసి చాలా ఏళ్లయింది. నేను పెళ్లయి 2004లో వెళ్లాను, కాపురం ఇల్ఫర్డ్‌లోనే. ఇప్పుడు పండక్కి రాజోలు వచ్చి అమ్మ దగ్గర ఉన్నాను. ఆ బస్సు గురించి ఎవరు కదిపినా నేను ఊరుకోలేను, కాస్త ఓపిగ్గా చదువు.

అక్కడ దాన్ని బెండీ బస్సు అనేవారు. హైదరాబాద్‌లో ఒకప్పుడు వెస్టిబ్యూల్ బస్సు తిరిగేదే, ఆ జాతి. మెర్సిడెస్ సిటారో బండి, పొడవు 18 మీటర్లు, మూడు తలుపులు, నడుమ హార్మోనియం తిత్తిలా మడతలు. సీట్లు 49 మాత్రమే, నిలబడేవాళ్లతో కలిపి నూట నలభై మంది దాకా పట్టేవారు. 2002లో మొదలైంది. ఇల్ఫర్డ్ నుంచి స్ట్రాట్‌ఫర్డ్, మైల్ ఎండ్ మీదుగా అప్పట్లో ఆక్స్‌ఫర్డ్ సర్కస్ దాకా వెళ్లిన 25 నంబరుకీ 2004లో అదే వేశారు.

మా పెద్దాడు 2006లో పుట్టాడు. వాణ్ని బండిలో పెట్టుకుని మధ్య తలుపులోంచి ఎక్కితే మెట్టు లేదు, ఎత్తే పని లేదు, ఒకరిని జరగమని అడిగే పని లేదు. తిత్తి కింద గుండ్రటి ఇనప పళ్లెం ఉంటుంది. బస్సు మలుపు తిరిగితే అదీ తిరుగుతుంది. మొదటిసారి దాని మీద నిలబడినప్పుడు నాకు సఖినేటిపల్లి రేవే గుర్తొచ్చింది. పంటు ఎక్కేటప్పుడు ఒక కాలు రేవు మీద, ఒక కాలు పంటు మీద ఉన్న క్షణంలో ఒళ్లు ఎలా తూలుతుందో అచ్చం అలాగే. ఒక పక్క మడతలు విచ్చుకుంటుంటే రెండో పక్కవి దగ్గరకొచ్చేవి, మావాడు వాటినే చూస్తూ చేతులాడించేవాడు. ఊరు కాని ఊళ్లో, మాట రాని రోజుల్లో, బిడ్డతో ఒక్కదాన్నీ ధైర్యంగా బయటికి వెళ్లగలిగానంటే ఆ బస్సు వల్లే.

ఇక టికెట్ సంగతి. కార్డు తాకించే మిషన్ మూడు తలుపుల దగ్గరా ఉండేది, కానీ తాకించారో లేదో డ్రైవరు చూసేవాడు కాదు. తనిఖీవాళ్లు ఎప్పుడో ఒకసారి ఎక్కేవారు. దాంతో జనం దానికి ఫ్రీ బస్సని పేరే పెట్టేశారు. డబ్బు కట్టి ఎక్కినవాళ్లకి అది ఎంత కష్టంగా ఉండేదో నాకు తెలుసు.

కెన్ లివింగ్‌స్టన్ మేయరుగా ఉండగా ఈ బస్సులు వచ్చాయి. 2008 ఎన్నికల్లో బోరిస్ జాన్సన్ వీటిని తీసేస్తానని మాటిచ్చి గెలిచాడు. వెనక గుమ్మం తెరిచి ఉండే పాత రూట్‌మాస్టర్ బస్సుల మీద ఊరికి మమకారం ఎక్కువ. అవి 2005 డిసెంబర్ 9న మామూలు రూట్ల నుంచి తప్పుకున్నాయి, ఆ కోపం కూడా దీని మీదకే మళ్లింది. కానీ చక్రాల కుర్చీలో ఉన్న మనిషి ఆ పాత బస్సు ఎక్కలేడు. రూటు రూటుకీ కాంట్రాక్టు అయిపోతున్నకొద్దీ తీసేసుకుంటూ వచ్చారు. మా 25 వంతు 2011 జూన్‌లో వచ్చింది. ఆఖరుది, సౌత్‌హాల్ వైపు వెళ్లే 207, ఆ డిసెంబర్‌తో ఆగిపోయింది.

మా చిన్నది పుట్టింది ఆ అక్టోబర్‌లోనే. ఒకరోజు వానలో స్టాపులో నిలబడ్డాను. డబుల్ డెక్కర్ వచ్చింది, లోపల అప్పటికే రెండు పిల్లల బళ్లున్నాయి, డ్రైవరు తల అడ్డంగా ఊపాడు. తరవాతదీ అంతే. మూడోది ఆగనే లేదు. బండి మీది ప్లాస్టిక్ కవరు లోపల పిల్ల ఏడుస్తోంది, నేను బయట ఏడుస్తున్నాను. కొందరు టికెట్ ఎగ్గొట్టినందుకు బస్సునే తీసేయడం తప్పని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటున్నాను. తనిఖీ పెంచాల్సింది.

వాటి తరవాత 2012 ఫిబ్రవరిలో 38 నంబరు మీద కొత్త రూట్‌మాస్టర్ దింపారు. థామస్ హెదర్‌విక్ డిజైను, ఉత్తర ఐర్లండ్‌లోని బాలీమీనాలో కట్టించారు. మొత్తం వెయ్యి బస్సులు. దానికీ మూడు తలుపులే! వెనక గుమ్మం దగ్గర నిలబడడానికి ఒక మనిషిని పెట్టారు, 2016లో ఆ మనిషినీ తీసేశారు. టికెట్ లేకుండా ఎక్కేవాళ్లు ఎక్కువయ్యారని 2020 నుంచి అందులోనూ ముందు తలుపులోంచే ఎక్కమన్నారు. మీ ఆయన రోజూ చూస్తున్నది అదే.

పాలకొల్లు తమ్ముడు:
అక్కగారూ, పాప బండి విషయంలో మీ బాధ నాకు అర్థమైంది. అయినా మీతో ఒప్పుకోలేనండి. 2008 నుంచి మూడేళ్లు ఆ బెండీనే నడిపాను. ఎడం పక్కకి తిప్పామంటే ముందు సగం సందులో ఉంటుంది, వెనక సగం ఇంకా మెయిన్ రోడ్డు మీదే. బండి వంగగానే అద్దంలో తోక కనిపించదు. ఆ కనిపించని చోటే సైకిల్ వాళ్లు ఉంటారు. మలుపు మలుపుకీ ఊపిరి బిగబట్టేవాణ్ని. ఆ టెన్షన్ ఇంటికొచ్చి పడుకున్నా వదిలేది కాదు. సిగ్నల్ పడి కూడలి మధ్యలో ఇరుక్కుంటే నాలుగు పక్కలా హారన్లే. పైగా అంత దూరం అంతమందిని నిలబెట్టి తీసుకెళ్లడం ఏం న్యాయమండి? మేడ బస్సులో కూర్చునే చోటు దీనికన్నా ఎక్కువ.

లండన్ వద్దన్న బళ్లు కొన్ని మాల్టా వెళ్లాయి. అక్కడివి ఇరుకు రోడ్లు. బస్సులకి నిప్పంటుకోవడంతో 2013లో అక్కడా ఆపేశారు. లండన్‌లో కూడా అవి తగలబడ్డాయని 2004 మార్చిలో కొన్నాళ్లు ఆపారు కదా. మన కాలవ గట్టు రోడ్డు మీద, లాకుల దగ్గర మలుపులో 18 మీటర్ల బస్సు తిప్పమంటే ఏ డ్రైవరైనా తిప్పగలడాండి?

రాజోలు అక్క:
తమ్ముడూ, సైకిళ్ల మాట కాదనలేను. నువ్వు డ్రైవర్ సీట్లోంచి చూశావు, నేను మధ్య తలుపు దగ్గర నిలబడి చూశాను. రూట్లన్నిటికీ అది పనికిరాదంటే ఒప్పుకుంటాను. రోడ్డు వెడల్పున్న చోట కూడా ఒక్కటీ ఉంచకుండా తీసేశారు చూడు, అది మాత్రం ఒప్పుకోను.

అమ్మాయ్, ఇప్పుడు నీ పని. మన దగ్గర 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో ఉచితం కదా. నిన్న అమ్మతో తాటిపాక సెంటర్ దాకా వెళ్లాను. కండక్టరు అమ్మ ఆధార్ కార్డు చూసి సున్నా టికెట్ కొట్టి చేతిలో పెట్టింది. ఆవిడ దాన్ని నాలుగు మడతలు పెట్టి రొంటిన దోపుకుని, దిగేదాకా చేత్తో తడుముకుంటూనే ఉంది. ఉచితమైనా ఆ ప్రయాణానికి లెక్కుంది, ఆ డబ్బు ప్రభుత్వం కడుతుంది. మీ బాబాయి చెప్పిన ఉచితం అలాంటిది కాదు. ఇప్పుడక్కడ పట్టుబడితే 100 పౌండ్లు, 21 రోజుల్లో కడితే 50. కోర్టు దాకా వెళ్లి శిక్ష పడితే ఆ సంగతి వీసా ఫారాల్లో రాయాల్సి వస్తుంది. రూపాయి రూపాయి కూడబెట్టుకుని వెళ్తున్నవాళ్లం, ఆ పని మాత్రం వద్దు.

ముందు తలుపులోంచి ఎక్కి కార్డు (అక్కడి ఆయిస్టర్ కార్డు గానీ, బ్యాంకు కార్డు గానీ) తాకించు, దిగేటప్పుడు అక్కర్లేదు. నోట్లు, చిల్లర 2014 జులై నుంచి తీసుకోవడం లేదు. నీ కార్డు నీకు, మీ ఆయనది ఆయనకి. ఒక ఎక్కుకి 2025లో 1.75 పౌండ్లు ఉండేది, మొదటిసారి తాకించిన గంట లోపల ఎన్ని బస్సులు మారినా మళ్లీ పడదు. అయితే కార్డు తాకించి ఎక్కి, రెండో బస్సులో ఫోన్ తాకించావనుకో, వేరే మనిషి కింద లెక్కేస్తుంది, అలా నాకు చాలాసార్లు డబ్బులు పోయాయి. పాపకి టికెట్ లేదు, పదకొండేళ్లు నిండేదాకా బస్సు ఉచితమే.

చక్రాల కుర్చీ మనిషి వస్తే, నువ్వు పాప బండి పెట్టుకున్న చోటు వాళ్లది. డ్రైవరు అడిగేలోపే నువ్వు బండి మడిచెయ్. అందుకని అమలాపురంలో పెద్ద బండి కొనకు. తేలిగ్గా ఉండి, పాపని ఎడం చంకలో వేసుకుని కుడిచేత్తో మడవగలిగేది కావాలి. మా చిన్నదానిది అటక మీద ఉంది, చక్రాలు బాగానే ఉన్నాయి. కనుమ వెళ్లాక ఏదో ఒక మధ్యాహ్నం పాపని తీసుకుని రాజోలు రా, మా వీధరుగు మీద నాలుగుసార్లు మడిచి విప్పుదువుగాని.