మెడ దగ్గర బ్లాక్ ఇచ్చాక ఫిజియోథెరపీ ఎప్పుడు మొదలుపెట్టాలి?

మాది పలాస. అమ్మకు 54 ఏళ్లు, జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళ్లేది. మార్చిలో జారిపడి కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాల తర్వాత కట్టు విప్పితే ఎముక బాగానే అతికింది, నొప్పి మాత్రం పెరిగింది. చెయ్యి ఉబ్బి, నిగనిగలాడుతూ, ఒకసారి ఎర్రగా, ఒకసారి నీలంగా మారుతోంది. చీర చెంగు తగిలినా కారం రాసినట్టు మంట. సీఆర్‌పీఎస్ (దెబ్బ మానినా నొప్పి, వాపు తగ్గకుండా ఉండిపోయే జబ్బు) అన్నారు.

నరాల నొప్పికి ప్రీగాబాలిన్ 75 ఎంజీ రెండు పూటలా రెండు నెలలుగా వేసుకుంటోంది. అద్దం పెట్టి చేసే వ్యాయామం కూడా చేయించాం. పిడికిలి సగం కూడా మూసుకోవట్లేదు.

విశాఖలో స్టెల్లేట్ గాంగ్లియన్ బ్లాక్ (మెడ దగ్గరి నరాల ముడికి ఇచ్చే మత్తు సూది) మూడు వారాల తేడాతో రెండుసార్లు చేశారు. రెండుసార్లూ సూది వేసిన కాసేపటికే కుడి కనురెప్ప వాలింది, చెయ్యి వెచ్చబడింది. మందు పనిచేస్తోందనడానికి అదే గుర్తట. మొదటిసారి ఆ సాయంత్రం అమ్మ ఆ చేత్తోనే గ్లాసు పట్టుకుని టీ తాగింది, ఇన్ని నెలల తర్వాత! ఆ హాయి రెండు రోజులే.

చిక్కంతా ఇక్కడే. రైల్లో ఇంటికి చేరి, ఇక్కడ ఫిజియో దొరికేసరికి నాలుగో రోజు అవుతోంది. అప్పటికి చెయ్యి ముట్టుకోనివ్వదు. బ్లాక్ చేసిన డాక్టరు విశ్రాంతి అన్నారు, ఫిజియోనేమో నొప్పి తగ్గి ఉన్నప్పుడే తీసుకురావాల్సింది అంటున్నారు. ఇద్దరి మధ్య మేం నలుగుతున్నాం.

మూడో బ్లాక్ వచ్చే నెల 12న. ఇది చేయించుకున్నవాళ్లు, ఇలాంటివాళ్లకు వ్యాయామం చేయించే ఫిజియోలు చెప్పండి: బ్లాక్ అయిన ఎన్ని గంటలకు చెయ్యి కదిలించడం మొదలుపెట్టారు?