పైమాల్‌లో వీల్ తిప్పితే మాలిక్యూల్ దగ్గరికి రాకుండా ముక్కలైపోతోంది. మౌస్ అసలు ఎలా వాడాలి?

అడిగినవారు: హీమ్_వేట

ప్రోటీన్‌ల ఆకారాన్ని త్రీడీలో చూపే సాఫ్ట్‌వేర్ పైమాల్‌లో హిమోగ్లోబిన్ ఫైల్ 4హెచ్‌హెచ్‌బీ తెరిచాను. ప్రోటీన్‌లోని నాలుగు గొలుసుల్లో చైన్ ఏ (ఇంగ్లీష్ అక్షరం) లోని హీమ్‌ని, అంటే ఇనుమున్న పలచని పళ్లెం లాంటి భాగాన్ని, దగ్గరగా పెట్టి, దాని ఇనుము అణువుకి (ఆటమ్‌కి) హిస్టిడిన్ 87 అనే అమైనో ఆమ్లం అతుక్కున్న చోటు పక్కనుంచి కనబడేలా బొమ్మ తీయాలి. మూడు చోట్ల ఇరుక్కుపోయాను.

ఒకటి, మౌస్ వీల్ తిప్పితే జూమ్ అవ్వడం లేదు. ముందున్న హెలిక్స్‌లు (ప్రోటీన్ మెలికల చుట్టలు) మాయమవుతాయి, తర్వాత వెనకవి కూడా పోతాయి, చివరికి నల్ల తెర మిగులుతుంది. రెండు, రైట్ బటన్‌తో లాగి ఎలాగో దగ్గరికి వెళ్తే, తిప్పబోయిన ప్రతిసారీ హీమ్ తెర బయటికి జారిపోతోంది. మూడు, హీమ్‌ని సరిగ్గా అంచు మీద నిలబెట్టడం చేత్తో కుదరడం లేదు, ఎప్పుడూ కాస్త వంకరే. బ్రౌజర్‌లో ఇలాగే మాలిక్యూల్‌లు చూపే మాల్‌స్టార్‌లో వీల్ తిప్పితే చక్కగా జూమ్ అవుతుంది కదా, ఇందులో ఏదైనా సెట్టింగ్ పాడైందా?

జవాబు 1: స్లాబ్‌మాస్టర్

ఏదీ పాడవలేదండీ. పైమాల్‌లో వీల్ జూమ్‌కి కాదు, స్లాబ్‌కి. కెమెరా ముందు ఒక అద్దం, వెనక ఒక అద్దం ఉన్నట్టు ఊహించుకోండి. ఆ రెండిటి మధ్య ఉన్నదే తెర మీద కనిపిస్తుంది, ఆ మధ్య మందమే స్లాబ్. వీల్ ఒకవైపు తిప్పితే ఆ మందం తగ్గుతుంది, రెండో వైపు తిప్పితే పెరుగుతుంది. మీరు తగ్గించుకుంటూ పోయి సున్నా దాకా తెచ్చారు, అందుకే నల్ల తెర. అణువులు ఎక్కడికీ పోలేదు. కమాండ్ లైన్‌లో ఒట్టి జూమ్ అని కొట్టి ఎంటర్ నొక్కితే మాలిక్యూల్ మొత్తం తెరలో పట్టేలా వచ్చి, అద్దాలు కూడా మళ్లీ సరైన దూరంలో నిలబడతాయి. (కమాండ్లన్నీ ఇంగ్లీష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి, ఇక్కడ పలికినట్టు రాస్తున్నాను.)

విండోలో కుడివైపు అట్టడుగున చిన్న పట్టిక ఉంటుంది, చాలామంది దాని వంక చూడరు. అదే మీ మౌస్ మ్యాప్. పైన ఎల్, ఎమ్, ఆర్, వీల్ అని నాలుగు నిలువు వరసలు. పక్కన షిఫ్ట్, కంట్రోల్, రెండూ కలిపి నొక్కితే ఏమవుతుందో అడ్డ వరసలు. త్రీ బటన్ వ్యూయింగ్ మోడ్‌లో ఏ కీ నొక్కకుండా అయితే లెఫ్ట్ లాగితే తిరగడం, మిడిల్ లాగితే పక్కకి జరగడం, రైట్ లాగితే జూమ్, వీల్‌కి స్లాబ్. వీల్‌తోనే జూమ్ కావాలంటే కంట్రోల్, షిఫ్ట్ రెండూ పట్టుకుని తిప్పండి.

అసలు పనికొచ్చేది షిఫ్ట్ పట్టుకుని వీల్ తిప్పడం. మందం మారదు, స్లాబ్ మొత్తం ముందుకీ వెనక్కీ జరుగుతుంది. స్లాబ్‌ని సుమారు 15 ఆంగ్‌స్ట్రామ్‌లకి (అణువుల దూరాలు కొలిచే అతి చిన్న కొలత) తెచ్చి (కమాండ్ కావాలంటే: క్లిప్ స్లాబ్, 15) షిఫ్ట్ వీల్‌తో జరుపుతూ పోతే ప్రోటీన్ లోపలి పొరలు ఒక్కొక్కటీ తెరుచుకుంటాయి. హీమ్ లోపల దాక్కుని ఉంటుంది కాబట్టి ఇదే సరైన దారి. ముందు అద్దాన్ని మాత్రమే కదపాలంటే షిఫ్ట్ పట్టుకుని రైట్ బటన్‌తో పైకీ కిందకీ లాగండి. అదే అడ్డంగా లాగితే వెనక అద్దం కదులుతుంది. ఏటవాలుగా లాగితే రెండూ కదిలి కంగారు పెడతాయి, కాబట్టి గీత గీసినట్టు నిటారుగా లాగండి.

జవాబు 2: తిరుగుడు_కేంద్రం

రెండో చిక్కుకి కారణం వేరు. రైట్ బటన్‌తో జూమ్ చేస్తే కెమెరా మాత్రమే దగ్గరికొస్తుంది. మాలిక్యూల్ ఏ బిందువు చుట్టూ తిరగాలో ఆ బిందువు ఉన్నచోటే ఉంటుంది. ఫైల్ తెరిచినప్పుడు అది నాలుగు చైన్‌ల మధ్యలో పడింది. హీమ్ అక్కడి నుంచి 20 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో ఉందనుకుందాం. మీరు 15 డిగ్రీలు తిప్పితే హీమ్ దాదాపు 5 ఆంగ్‌స్ట్రామ్‌లు జరుగుతుంది. తెరలో మీకు కనబడేదే 20 ఆంగ్‌స్ట్రామ్‌ల వెడల్పు అయితే ఒక్క చిన్న లాగుడుకే పావు తెర దూరం పోయినట్టు. జారిపోక ఏం చేస్తుంది?

ఇనుము అణువు మీద మిడిల్ బటన్‌తో ఒక్కసారి క్లిక్ చేయండి, లాగకుండా. అది తెర మధ్యకి వస్తుంది, తిరుగుడు బిందువు కూడా అదే అవుతుంది. వీల్‌నే మిడిల్ బటన్‌గా నొక్కుతుంటే పొరపాటున ఒక మెట్టు తిరిగి స్లాబ్ మారిపోతుంది, గట్టిగా నిటారుగా నొక్కాలి. అది కుదరకపోతే అణువు మీద రైట్ క్లిక్ చేస్తే వచ్చే మెనూలో సెంటర్ ఉంటుంది. కమాండ్‌తో అయితే: జూమ్ చైన్ ఏ అండ్ రెస్‌ఎన్ హెమ్, 8. ఇందులో రెస్‌ఎన్ హెమ్ (resn HEM) అంటే హెమ్ అనే పేరున్న భాగం, ఫైల్‌లో హీమ్ పేరు అదే. చివరి 8 అంటే హీమ్ చుట్టూ అన్ని ఆంగ్‌స్ట్రామ్‌ల ఖాళీ వదలమని. దీంతో జూమ్, కేంద్రం, అద్దాలు మూడూ ఒకేసారి సర్దుకుంటాయి. దృశ్యం కదలకుండా తిరుగుడు బిందువు మాత్రమే మారాలంటే ఆరిజిన్ కమాండ్ వాడాలి.

ఇంకో చిన్న విషయం. లెఫ్ట్ బటన్ నొక్కడం విండో మధ్యలో మొదలుపెడితే అడ్డంగా, నిలువుగా తిరుగుతుంది. అంచుల దగ్గర మొదలుపెడితే గడియారం ముల్లులా తెరలోనే చుట్టూ తిరుగుతుంది. వంకరగా ఉన్నదాన్ని సరిచేయాలంటే కావాలనే అంచు దగ్గర పట్టుకోండి.

జవాబు 3: అంచుమీద

హీమ్‌ని చేత్తో అంచు మీద నిలబెట్టడానికి అరగంట ఖర్చు పెట్టకండి, మౌస్ చేయాల్సిన పని కాదది. ఓరియంట్ చైన్ ఏ అండ్ రెస్‌ఎన్ హెమ్ అని కొట్టండి. ఓరియంట్ ఎంచుకున్న అణువుల పొడవైన దిశని తెర అడ్డంగా, తర్వాతి దాన్ని నిలువుగా, అన్నిటికన్నా పలచని దిశని మీ కంటి వైపు పెడుతుంది. హీమ్ పళ్లెంలా పలచనిది కాబట్టి దాని ముఖం సూటిగా మీ వైపు తిరుగుతుంది. ఆ తర్వాత టర్న్ ఎక్స్, 90 కొడితే సరిగ్గా అంచు. ఇప్పుడు పైన చెప్పిన జూమ్ కమాండ్ మళ్లీ కొట్టండి, లేకపోతే హిస్టిడిన్ 87 అద్దాల బయట ఉండిపోవచ్చు. ఇనుము హీమ్ తలం నుంచి కొద్దిగా ఆ హిస్టిడిన్ వైపు ఒరిగి కనబడుతుంది. 4హెచ్‌హెచ్‌బీ ఆక్సిజన్ లేని రూపం కాబట్టి అలాగే ఉండాలి, మీ కోణం తప్పనుకుని మళ్లీ తిప్పకండి.

టర్న్ బదులు రొటేట్ అని మాత్రం కొట్టొద్దు. టర్న్ కెమెరాని తిప్పుతుంది. రొటేట్‌కి అణువులు ఇచ్చి కొడితే వాటి కోఆర్డినేట్‌లే మారిపోతాయి. జరపడానికైతే మూవ్ కెమెరాకి, ట్రాన్స్‌లేట్ అణువులకి.

హీమ్_వేట

మూడూ పనిచేశాయి, ధన్యవాదాలు. కానీ కంట్రోల్ పట్టుకుని లెఫ్ట్‌తో జరపబోతే ఇప్పుడు హిస్టిడిన్‌లో ఒక అణువు మాత్రమే సాగి బయటికొచ్చింది, బంధం పొడుగ్గా గీతలా కనబడుతోంది. ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ మీద చేస్తున్నాను, అదేమైనా కారణమా?

స్లాబ్‌మాస్టర్

టచ్‌ప్యాడ్ తప్పు కాదు. ఆ చిన్న పట్టిక మీద ఎక్కడో క్లిక్ పడి ఎడిటింగ్ మోడ్‌లోకి వెళ్లారు. అక్కడ క్లిక్ చేస్తే మోడ్ మారుతుంది. వ్యూయింగ్‌లో కంట్రోల్ లెఫ్ట్‌కి మూవ్ అని ఉంటుంది, అది దృశ్యాన్ని జరుపుతుంది. ఎడిటింగ్‌లో అదే గడిలో మూవ్‌ఏ అని ఉంటుంది, అది అణువుని లాగుతుంది. మళ్లీ క్లిక్ చేసి పైన వ్యూయింగ్ అని వచ్చేదాకా మార్చండి. సాగిన అణువుని సరిచేయడానికి అన్‌డూ ప్రయత్నించవచ్చు గానీ, ఎన్ని అణువులు కదిలాయో కంటికి తెలియదు. ఆబ్జెక్ట్‌ని (తెరిచిన మాలిక్యూల్‌ని) తీసేసి ఫెచ్ కమాండ్‌తో మళ్లీ తెచ్చుకోవడమే మేలు. ఈ ఫైల్‌ని మాత్రం సేవ్ చేయకండి.

టచ్‌ప్యాడ్‌తో అసలు ఇబ్బంది రెండు వేళ్ల స్క్రోల్. అది వీల్‌గా లెక్క, పైగా ఒక్క జారుడుకి పదుల కొద్దీ మెట్లు పంపుతుంది. అందుకే స్లాబ్ రెప్పపాటులో సున్నా అవుతుంది. మౌస్ మెనూలో టూ బటన్ వ్యూయింగ్ ఎంచుకుంటే మిడిల్ బటన్ అవసరం తగ్గుతుంది.

వెబ్‌వ్యూయర్

వీల్‌కే జూమ్ కావాలంటే బటన్ వీల్, నన్, మూవ్‌జీ (movz) అని కొట్టొచ్చు. మొదటి నుంచీ అలా ఉండాలంటే పైమాల్ తెరుచుకునేటప్పుడు చదివే పైమాల్‌ఆర్‌సీ ఫైల్‌లో ఆ లైన్ రాసి పెట్టండి.

స్లాబ్‌మాస్టర్

మార్చొచ్చు, కానీ నేనైతే వద్దనే అంటాను. లోతుగా ఉన్న లిగాండ్‌ని (హీమ్‌లా ప్రోటీన్‌కి అతుక్కున్న చిన్న మాలిక్యూల్‌ని) చూడటంలో స్లాబ్‌కి మించిన అస్త్రం లేదు, దాన్ని వేలికింద నుంచి తీసేస్తే ప్రతిసారీ కీలు వెతుక్కోవాలి.

వెబ్‌వ్యూయర్

అది నిజమే, అయితే రోజూ రెండు మూడు సాఫ్ట్‌వేర్‌లు తిప్పేవాళ్లకి చేతి అలవాటు గందరగోళం చేస్తుంది. మాల్‌స్టార్‌లో వీల్ జూమ్, షిఫ్ట్ వీల్ క్లిప్పింగ్, రైట్ లాగితే జరగడం. కైమెరాఎక్స్‌లోనూ వీల్ జూమే, రైట్ లాగితే జరగడమే, కానీ అణువుని ఎంచుకోవడానికి కంట్రోల్ పట్టుకుని క్లిక్ చేయాలి. ఆ తర్వాత పై బాణం కీ నొక్కుతూ పోతే ఎంపిక అణువు నుంచి రెసిడ్యూకి (ఒక అమైనో ఆమ్లం మొత్తానికి), అలా పెద్దదవుతూ పోతుంది. వీఎండీలో కీబోర్డ్ ఆర్, టీ, ఎస్ అక్షరాలతో తిప్పడం, జరపడం, జూమ్ మారతాయి. సీ నొక్కి అణువు మీద క్లిక్ చేస్తే అదే కేంద్రం, ఈక్వల్ గుర్తు నొక్కితే దృశ్యం మొదటికి. కూట్‌లో వీల్ తిప్పితే మ్యాప్ కాంటూర్ లెవెల్, అంటే ఎలక్ట్రాన్ డెన్సిటీ ఏ స్థాయి నుంచి కనబడాలన్నది, మారుతుంది. జూమ్ అనుకుని తిప్పి, ఎలక్ట్రాన్ డెన్సిటీ ఎక్కడికి పోయిందా అని వెతుక్కోవద్దు.

అంచుమీద

హీమ్_వేట గారూ, మళ్లీ తెచ్చి సరైన కోణం దొరికాక గెట్ అండర్‌స్కోర్ వ్యూ కొట్టండి. 18 అంకెలతో సెట్ వ్యూ కమాండ్ తయారై వస్తుంది. మొదటి 9 తిప్పుడు, తర్వాత 3 కెమెరా చోటు, ఆ తర్వాత 3 తిరుగుడు బిందువు, మిగిలినవి రెండు అద్దాల దూరాలు, చివరిది పర్‌స్పెక్టివ్‌కి సంబంధించినది. ఆ ముక్క మొత్తం కాపీ చేసి ఒక టెక్స్ట్ ఫైల్‌లో పెట్టుకోండి. ఎప్పుడు తిరిగి అతికించినా, మధ్యలో మౌస్ ఎటు జారినా, అదే హీమ్ అదే అంచు మీద నిలబడుతుంది.