చంద్రకాంత మొగ్గలు విచ్చుకోకుండానే రాలిపోతున్నాయి, ఏం చేయాలి?

మాది ఒంగోలు. పోయిన సంక్రాంతికి కొత్తపట్నంలో అమ్మమ్మ ఇంటికి వెళ్ళినప్పుడు గుప్పెడు చంద్రకాంత గింజలు తెచ్చుకున్నాను. నల్లగా మిరియాల్లా ఉంటాయే, అవి. (తింటే విషమని మా బుడ్డోడికి అందకుండా అటక మీద దాచాల్సి వచ్చింది.) అమ్మమ్మ పెరట్లో ఆ మొక్కను పట్టించుకునేవాళ్ళే లేరు. అయినా సాయంత్రం నాలుగు దాటితే చాలు, ఒకే చెట్టుకు గులాబీ, పసుపు, రెండూ కలిసిన చారల పూలు విచ్చుకుంటాయి. తెల్లారి ఎండ ఎక్కేసరికి ముడుచుకుంటాయి.

నా మేడమీద కుండీలో మొక్క 2 అడుగులు ఏపుగా పెరిగింది, మొగ్గలూ వేస్తోంది. కానీ విచ్చుకునేలోపే సగం రాలిపోతున్నాయి. పోసేది బోరు నీళ్ళు, కాస్త ఉప్పగా ఉంటాయి. కుండీ 10 అంగుళాలది. దీనికి అడుగున దుంప ఊరుతుంది కదా, చోటు చాలడం లేదా? మధ్యలో చిటికెడు యూరియా కూడా వేశాను, తిట్టకండి. వీధిలైటు సరిగ్గా కుండీ మీదే పడుతుంది, అదేమైనా కారణమా?

ఇప్పుడే పెద్ద కుండీలోకి మార్చవచ్చా, ఎండలు తగ్గేదాకా ఆగాలా? మనవైపు ఉప్పునీళ్ళతో పెంచినవాళ్ళుంటే కాస్త చెప్పండి.