పులికాట్‌లో ఫ్లెమింగోలు: పడవ ఎక్కాలా, రోడ్డు మీంచి చూడాలా?

చంద్రగిరికోట:
జనవరిలో ఒక ఆదివారం తిరుపతి నుంచి కారులో పోదామని. అమ్మానాన్న, పిల్లలతో కలిపి ఆరుమందిమి. తడ దగ్గర భీమునివారిపాళెంలో పడవ ఎక్కితే ఫ్లెమింగోల దగ్గరికి తీసుకుపోతారా? 70-300 లెన్సు చాలా?

తిప్పమీదకొంగ:
ఫ్లెమింగోల కోసమే అయితే పడవ వద్దన్నా. అవి మోకాలి లోతు కూడా లేని నీళ్లలో నిలబడి, తల తలకిందులుగా ముంచి, ముక్కుతో బురదనీళ్లు వడగట్టుకుని మేస్తాయి. అక్కడికి మోటారు పడవ పోతే అడుగు బురదకి తగులుతుంది, ఫ్యాన్‌కి నాచో వలో చుట్టుకుంటుంది. ఇంక గెడ వేసి తోసుకోవడమే.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకి పోయే రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది. ఏడు, ఏడున్నరకి అక్కడుండేలా తిరుపతిలో ఐదుకే బయల్దేరండి. అటకానితిప్ప చుట్టుపక్కల నెమ్మదిగా పోతూ ఎడమ పక్కే చూడండి. అది ఉత్తరం. చలికాలం ఎండ దక్షిణం నుంచి పడుతుంది కదా, కుడి పక్క పిట్టలు ఫోటోలో నల్లటి బొమ్మల్లా వస్తాయి. 300 లెన్సుకి గుంపు బాగా వస్తుంది, ఒక్క పిట్ట నిండుగా రాదు.

హారన్ మాత్రం కొట్టొద్దు. రెక్కలు విప్పితేనే ఎరుపు కనిపిస్తుందని కావాలని లేపేవాళ్లున్నారు, చిరాకు. మెడలు నిక్కబొడిచి అన్నీ ఒకే దిక్కుకి నడవడం మొదలుపెడితే ఎగరబోతున్నాయని అర్థం. అక్కడే ఆగిపోవాలి.

గెడకర్ర:
పై మాట నిజమే గానీ పిల్లలుంటే పడవ మానొద్దు. గల్స్, టర్న్స్ లాంటి సముద్రపు పిట్టలు, నీటికాకులు పడవ మీంచే బాగా కనిపిస్తాయి. పదిలోపు ఎక్కండి, పొద్దెక్కాక సముద్రపు గాలి లేచి పడవ ఊగుతుంది. పొద్దున తూర్పుకి పోయేటప్పుడు ఎండ కళ్లలో పడుతుంది, ఫోటోలు తిరిగొచ్చేటప్పుడు తీసుకోండి. లైఫ్ జాకెట్ పిల్లల సైజుదే అడగండి. పెద్దవాళ్లది వేస్తే నీళ్లలో పడినప్పుడు జాకెట్ తేలుతుంది, పిల్లోడు కిందికి జారతాడు. బైనాక్యులర్ 8x42 (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపేది) చాలు. 10x అయితే ఊపుకి బొమ్మ నిలవదు.

చంద్రగిరికోట:
థ్యాంక్స్ అన్నా. వానలు గట్టిగా పడిన ఏడాది ఎక్కువ పిట్టలుంటాయా?

తిప్పమీదకొంగ:
ఫ్లెమింగోల విషయంలో అట్ల కాదు. నీళ్లు మరీ నిండితే వాటి కాళ్లకి లోతు ఎక్కువై, తక్కువ నీళ్లున్న చోటికి జరిగిపోతాయి. నీళ్లు మరీ తగ్గితే ఉత్తరం పక్క ఎండిపోతుంది, సముద్ర ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోవడం దానికో కారణం. నేలపట్టు పక్షుల అభయారణ్యం లెక్క వేరు. అక్కడ చెరువు నిండితేనే నీళ్లలోని కడప అనే చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు పెడతాయి. దాన్ని తిరుగు ప్రయాణంలో పెట్టుకోండి, నాయుడుపేట దారిలోనే వస్తుంది. గేటు మూసేలోపు చేరితే చాలు, గూట్లోని తమ పిల్లలకి చేపలు తెచ్చిపెట్టే పక్షులు టవర్ మీంచి కనిపిస్తాయి.

గెడకర్ర:
ఒకటి మరిచా. రాకెట్ ప్రయోగం ఉన్న రోజు శ్రీహరికోట రోడ్డు జోలికి పోవద్దు, తనిఖీలు, ట్రాఫిక్. డ్రోన్ ఇంట్లోనే పెట్టి రండి.