అప్‌డేట్: బి.డి. గ్రీకు సప్లిమెంటరీ పాసయ్యాను

అందరికీ వందనాలు. సెరంపూర్ బి.డి. (పాస్టర్లు చదివే వేదాంత డిగ్రీ) మొదటి సంవత్సరంలో కొత్త నిబంధన మూలభాష అయిన గ్రీకు తప్పాను, పదరూపాల పట్టికలు ఎంత బట్టీపట్టినా వాక్యం అర్థం కావడం లేదు, సేవకు పనికిరానేమో అని టెన్షన్‌తో ఇక్కడ అడిగింది నేనే. జవాబిచ్చిన ప్రతి ఒక్కరికీ కృతజ్ఞతలు.

పనిచేసింది ఒక పాస్టరమ్మ గారి సలహా: ఇంగ్లీషు పక్కనపెట్టి తెలుగు విభక్తులతో చదవమన్నారు. లోగోస్ అంటే వాక్యము, లోగోన్ అంటే వాక్యమును, లోగూ అంటే వాక్యము యొక్క. డేటివ్ అనే గ్రీకు విభక్తి దగ్గర మాత్రం జాగ్రత్త, అదొక్కటే మన కు, తో, లో మూడింటి పనీ చేస్తుంది.

మా గ్రీకు సారు నా పాత పేపర్ చూసి అసలు తప్పు పట్టుకున్నారు. యోహాను 1:1 చివర "థెయోస్ ఏన్ హో లోగోస్" అని ఉంటుంది. థెయోస్ (దేవుడు) ముందుంది కాబట్టి అదే కర్త అనుకున్నాను, ఇంగ్లీషు అలవాటు. రెండూ ప్రథమా విభక్తే, కానీ "హో" అనే ఆర్టికల్ (ఇంగ్లీషు "ది" లాంటిది) లోగోస్‌కే ఉంది, కర్త అదే. అందుకే మన బైబిల్లో "వాక్యము దేవుడై యుండెను" అని ఉంది. అది చూసిన రోజు నాకు కళ్ళు చెమర్చాయి.

అంటే నాకు జ్ఞాపకశక్తి లోపమేమీ లేదు. ఫ్లాష్‌కార్డ్ యాప్ వల్ల తేడా రాలేదు. ఇంటర్‌లీనియర్ బైబిల్ (గ్రీకు వరుస కిందే ఇంగ్లీషు అర్థం ఉండేది) అయితే మొదట్లో వద్దు, చూపు కింది ఇంగ్లీషు మీదికే పోతుంది.

ఇప్పుడు 1 యోహాను చదువుతున్నాను, రోజుకు మూడు వచనాలు.