ఎప్పుడో వచ్చిన హెర్పిస్‌కి ఇప్పుడు ఆపరేషనేనా?

గుంటూరు మిర్చి:
తొలి కాన్పు, 34వ వారం నడుస్తోంది. పెళ్లైన కొత్తలో, అంటే మూడేళ్ల కిందట, కింద నీటి పొక్కులు వచ్చాయి. బాత్రూమ్‌కి వెళ్లాలంటే ఏడుపొచ్చేది. చర్మ డాక్టర్ గారు చూసి హెర్పిస్ అన్నారు. తర్వాత రెండుసార్లు చిన్నగా వచ్చి నాలుగు రోజుల్లో మానిపోయాయి. కడుపు నిలిచాక అసలు రాలేదు. మొన్న చెకప్‌లో ఈ సంగతి చెప్పగానే మేడమ్ "అయితే నార్మల్ వద్దు, 38 వారాలకి ఆపరేషన్ చేసేద్దాం" అన్నారు. ఇంకో డాక్టర్ గారేమో "36వ వారం నుంచి బిళ్లలు వేసుకో, నొప్పులొచ్చిన రోజు చూసి చెప్తా" అన్నారు. మా అత్తయ్యకి అసలు విషయం తెలీదు. ఆపరేషన్ అన్న మాట చెవినపడగానే పంతులు గారితో ముహూర్తం పెట్టించేశారు. నేను ఎవరి మాట వినాలి?

లేబర్ రూమ్ సిస్టర్:
చెల్లీ, ముందు చూడాల్సింది అది మొదటిసారి ఎప్పుడు వచ్చిందని. కాన్పు దగ్గరపడ్డాక మొట్టమొదటిసారి అంటుకుంటే, నార్మల్ అయినప్పుడు నూటికి 30 నుంచి 50 మంది బిడ్డలకి సోకే ప్రమాదం ఉంది. తల్లి ఒంట్లో యాంటీబాడీలు తయారై బిడ్డకి చేరేంత వ్యవధి ఉండదు కాబట్టి. అలాంటప్పుడు ఆపరేషన్ వైపే మొగ్గుతారు. నీది పాతది. నీ యాంటీబాడీలు మాయ గుండా బిడ్డకి చేరుతూనే ఉన్నాయి. నీలాంటివాళ్లకి, కాన్పు రోజు పొక్కు ఉన్నా సరే, ప్రమాదం నూటికి మూడు దాటదని అంచనా. పొక్కు లేకపోతే ఇంకా తక్కువ. ఎప్పుడో వచ్చిందన్న ఒక్క కారణానికి కోయమని అమెరికా గైనకాలజిస్టుల సంఘమూ చెప్పలేదు, బ్రిటన్ వాళ్లూ చెప్పలేదు.

రేపల్లె రైలు:
తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. మన ఆంధ్రాలో 42.4. హెర్పిస్ లేకపోతే ఇంకో సాకు దొరికేది, అంతే.

నిద్రలేని అమ్మ:
అన్నీ సాకులే అనకండి. మా తోడికోడలి బిడ్డకి తొమ్మిదో రోజున నుదుటి మీద మూడు పొక్కులు లేచాయి. చెమటకాయలనుకుని పౌడర్ రాశాం. మర్నాటికి పాలు పట్టడం మానేశాడు, రాత్రికి ఫిట్స్. 21 రోజులు నరానికి ఎసైక్లోవిర్ అనే హెర్పిస్ మందు ఎక్కించారు. బతికాడు గానీ ఇప్పటికీ ఫిట్స్ మందు వాడుతున్నాడు. నూటికి ఒకరు, ముగ్గురు అని మీరు తేలిగ్గా రాస్తారు. ఆ ఒక్కడు మా ఇంట్లో ఉన్నాడు. నేనైతే కోయించుకుంటాను.

లేబర్ రూమ్ సిస్టర్:
అక్కా, మనసు కలుక్కుమంది. ఒక్కటి అడుగుతాను, తప్పుగా అనుకోకండి. ఆవిడకి హెర్పిస్ ఉందని ముందే తెలుసా?

నిద్రలేని అమ్మ:
లేదు. బాబుకి బయటపడ్డాకే తెలిసింది.

లేబర్ రూమ్ సిస్టర్:
ఈ జబ్బు సోకిన పసిపిల్లల తల్లుల్లో ఎక్కువమంది పరిస్థితి అదే, తమకి ఉందని తెలియనివాళ్లే. మిర్చికి తెలుసు, డాక్టర్‌కి చెప్పింది, బిళ్లలు వేసుకునే వీలుంది. రెండూ ఒకటి కావు.

పెదనాన్న కబుర్లు:
ఇది సర్పి కదమ్మా? మా ఊళ్లో పసరు రాసి మంత్రం వేస్తారు.

లేబర్ రూమ్ సిస్టర్:
కాదండీ, సర్పి ఆటలమ్మ వైరస్‌తో వచ్చేది. ఇది వేరే. పసరు జోలికి పోవద్దు.

లెస్టర్ కోడలు:
నాకు నొప్పులొచ్చిన రోజే ఒక పొక్కు లేచింది. ఇక్కడ బ్రిటన్‌లో మంత్రసాని, డాక్టర్ ఇద్దరూ కూర్చుని, పాతదే కాబట్టి నార్మల్‌కి వెళ్లొచ్చు, నిర్ణయం నీదే అన్నారు. గుండె చప్పుడు చూడ్డానికి బిడ్డ తలకి గుచ్చే ఎలక్ట్రోడ్ వాడలేదు. పాప బాగానే ఉంది.

డాలస్ బామ్మగారి మనవరాలు:
ఇక్కడైతే నిన్ను నేరుగా థియేటర్‌కి తీసుకెళ్లేవారు! ఆసుపత్రిలో చేరగానే లైటు వేసి వెతికారు. పొక్కు కనిపించినా, వచ్చే ముందు ఉండే ఆ చురుకు, మంట ఉన్నా కోత తప్పదన్నారు. నాకు ఏమీ లేదు, నార్మల్ అయింది. ప్రమాదం తక్కువైనా, తప్పించుకునే దారి ఉండగా బిడ్డ మీద ప్రయోగం ఎందుకు?

లెస్టర్ కోడలు:
ప్రయోగం అనకు. కోతకీ దాని ప్రమాదాలుంటాయి, రెండో కాన్పుకి కూడా. పైగా కోసినా నూటికి నూరు పాళ్లు రక్షణ లేదు. ఉమ్మనీరు పోయి గంటలు గడిస్తే ఆ లాభమూ తగ్గుతుంది.

డాలస్ బామ్మగారి మనవరాలు:
తగ్గుతుంది, పూర్తిగా పోదుగా. పొక్కు కళ్లెదుట కనిపిస్తుంటే నా ఓటు కోతకే.

వినుకొండ వాణి:
మధ్యలో నా గోడు. నాకు పొక్కులు ఎప్పుడూ లేవు. కడుపుతో ఉన్నప్పుడు చేసే టార్చ్ రక్తపరీక్షలో హెర్పిస్ ఐజీఎమ్ (ఒక రకం యాంటీబాడీ) పాజిటివ్ అని వచ్చింది, నాకూ ఆపరేషనేనా?

లేబర్ రూమ్ సిస్టర్:
ఆ ఐజీఎమ్‌ని నమ్మి నిర్ణయాలు తీసుకోకూడదు. అది కొత్తదో పాతదో తేల్చదు, తప్పుడు పాజిటివ్‌లూ ఎక్కువ. లక్షణాల్లేని గర్భిణులకి హెర్పిస్ రక్తపరీక్షే వద్దని అమెరికాలో నిపుణుల బృందం 2016లో చెప్పింది, 2023లో మళ్లీ చెప్పింది. కాగితం పట్టుకెళ్లి డాక్టర్ గారితో మాట్లాడు.

గుంటూరు మిర్చి:
అందరికీ థాంక్స్. నిన్న రెండో డాక్టర్ గారి దగ్గరికే వెళ్లాను. 36వ వారం నుంచి ఎసైక్లోవిర్ 400 ఎంజీ బిళ్ల, రోజుకి మూడుసార్లు, కాన్పయ్యేదాకా. నొప్పులొచ్చినా, ఉమ్మనీరు పోయినా ఆగకుండా వచ్చేయమన్నారు. చూసి ఏమీ లేకపోతే నార్మల్, పొక్కు గానీ మంట గానీ ఉంటే ఆపరేషన్. బ్రిటన్ పద్ధతి కూడా వివరించారు గానీ, నిద్రలేని అక్క రాసింది చదివాక ఆ ధైర్యం నాకు లేదు.

నిద్రలేని అమ్మ:
మంచిది తల్లీ. పుట్టాక ఎవరి మూతి పేలినా బిడ్డని ముద్దు పెట్టుకోనివ్వకు. అదీ ఈ వైరసే. పొక్కు కనిపించినా, పాలు తాగకపోయినా, మత్తుగా సోలిపోయినా పౌడర్ రాస్తూ కూర్చోవద్దు, ఆ పూటే పరిగెత్తు. డాక్టర్‌కి నీ పాత సంగతి నువ్వే చెప్పు.

గుంటూరు మిర్చి:
చెప్తాను అక్కా. ముహూర్తం కాగితం మాత్రం ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది. బుధవారం, ఉదయం 9.42. మా అత్తయ్యకి ఏం చెప్పాలో ఎవరైనా చెప్పండి.

రేపల్లె రైలు:
డాక్టర్ గారు సెలవులో ఉన్నారని చెప్పండి.